ఏడు వందల చదరపు అడుగుల అబ్బాయి

"పేరు రాయక్కర్లేదు" అంది లోక్‌యీ, క్యాంటీన్‌లో ప్రశ్నల కాగితం పాక్‌హే ట్రే పక్కన పెడుతూ. "ఎవరేం రాశారో నాక్కూడా తెలీదు."

పాక్‌హే ఆమెను చూడలేదు, కాగితాన్ని చూశాడు. కింద మూలన పెన్సిల్ చుక్క. పక్కనున్న మాన్‌కిట్ కాగితం లాక్కుని చూశాడు. చుక్క లేదు. ఎదురు బల్ల మీద ఇద్దరివీ చూశాడు. లేదు.

"ఇదేంటి?"

"ఏది?"

"చుక్క."

"ఈగ వాలి ఉంటుంది."

"మీ ఈగలు పెన్సిల్ పట్టుకు తిరుగుతాయా?"

"నీకు ఇంత అనుమానమైతే పోలీసుల్లో చేరు" అని విసవిసా వెళ్లిపోయింది.

హాంకాంగ్‌లో బడి చదువు చివరి మూడేళ్లూ లిబరల్ స్టడీస్ అని ఒక సబ్జెక్టు. అందులో చైనా ఉంటుంది, కరెంటు ఉంటుంది, జ్వరాలుంటాయి, లోకంలో లేనిదంటూ ఉండదు. ప్రతివాడూ ఏదో ఒక విషయం పట్టుకుని సొంతంగా పరిశోధన చేసి రాయాలి. యాభై మంది చేత ప్రశ్నలకు జవాబులు నింపించాలి. నింపించడమంటే, క్యాంటీన్‌లో నాది నువ్వు, నీది నేను. నిజం రాసే తీరిక ఎవడికీ ఉండదు. ఆ సంగతి టీచర్లకూ తెలుసు. మార్కులు మాత్రం పడతాయి.

లోక్‌యీ పట్టుకున్న విషయం, ఇల్లు ఇరుకైతే కుర్రకారు ప్రేమలు ఏమవుతాయని. మొదటి ప్రశ్నే, మీ ఇల్లు ఎన్ని చదరపు అడుగులు?

పాక్‌హే పెన్ను అక్కడే ఆగిపోయింది.

షాం షుయ్ పో అనే పేదల పేటలో, లిఫ్టు లేని మేడ ఆరో అంతస్తులో, ఒకే ఫ్లాటును చెక్కలు కొట్టి ఏడు గదులు చేశారు. అందులో ఒకటి అతనిదీ, వాళ్లమ్మదీ. తొంభై అడుగులు. క్లాసులో ఒక్కడికీ తెలీదు. సాయంత్రం అందరితోపాటు రైలెక్కి, తన స్టేషన్ దాటి ఇంకో స్టేషన్లో దిగి, వెనక్కి నడిచొచ్చేవాడు.

ఈ పిల్లకు వాసన తగిలింది. లేకపోతే తన ఒక్కడి కాగితం మీదే గుర్తెందుకు?

ఏడు వందల అడుగులు అని రాశాడు. సొంత గది ఉందా? ఉంది. ప్రేమించే మనిషి ఉందా? ఉంది, వేరే బడిలో. కసిగా జవాబుల కింద గీతలు కూడా గీశాడు.

మర్నాటి నుంచి లోక్‌యీ అతని పక్కన కూర్చోవడం మానేసింది. "హలో" అంటే పుస్తకం తిరగేసేది. మూడు వారాలు ఇదే వరస.

"ఏం చేశావురా దాన్ని?" అన్నాడు మాన్‌కిట్.

"నేనేం చెయ్యలేదు. అది నా గురించి తవ్వుతోంది."

"నీలో తవ్వడానికి ఏముందిరా, బొగ్గా?"

శనివారం మధ్యాహ్నం, ఏడు గదులకూ ఒకటే ఉన్న కుళాయి దగ్గర ఆకుకూర కడిగి, నిక్కరుతో, ప్లాస్టిక్ బేసిన్‌తో వెనక్కి తిరిగాడు పాక్‌హే. నడవలో, పక్కగది లాం అవ్వ గుమ్మంలో, నోటుబుక్కు పట్టుకుని లోక్‌యీ నిలబడి ఉంది.

బేసిన్ లోంచి నీళ్లు కాళ్లమీద కారుతున్నా అతనికి తెలియలేదు.

"నా వెనకాలే వచ్చావా?"

"నేనా? మన లిబరల్ స్టడీస్ మిస్ తాం ఇరుకిళ్లల్లో ఉండేవాళ్లతో మాట్లాడి రమ్మన్నారు. సేవా సంఘం ఆఫీసు వాళ్లు ఈ అవ్వ అడ్రసిచ్చారు. నువ్వెందుకున్నావిక్కడ?"

"చుక్క పెట్టింది ఇందుకేగా! నన్నో నమూనాగా రాసుకుని, క్లాసులో చదివి అందరి చేతా 'అయ్యో' అనిపించడానికి!"

లోక్‌యీ మొహం ఎర్రబడింది. "చుక్క పెట్టింది నీది ఏదో తెలియడానికి. ముప్ఫై ప్రశ్నలూ ఒక్క ప్రశ్న కోసం రాశాను. ఇరవై మూడోది."

ఇరవై మూడు. ప్రేమించే మనిషి ఉందా?

"ఉందన్నావుగా" అంది. "సంతోషం. ఉంచుకో."

"అబద్ధం రాశాను."

"ఏది?"

"అన్నీ. అడుగులు, గది, పిల్ల... అందరూ అబద్ధాలే రాస్తారు లోక్‌యీ! మాన్‌కిట్‌ అయితే కళ్లు మూసుకుని టిక్కులు పెట్టాడు."

"మరి నా గ్రాఫు?" అంది లోక్‌యీ. "పెద్ద ఇళ్లవాళ్లకే ప్రేమలు అని తేల్చాను. నీ ఒక్కడి కోసం రెండు రాత్రులు ఏడ్చి మరీ తేల్చాను."

నోటుబుక్కు మూసేసింది.

"మీ గదేది?" అంది ఆమె.

చెప్పకపోవచ్చు. కుళాయి కోసం వచ్చానని, ఇంకెవరో చుట్టాలిల్లని అనొచ్చు. నాలుగేళ్లుగా నోటికి అలవాటైన పనే. అతని చెయ్యి తాళం చెవి మీద బిగుసుకుంది. తర్వాత తలుపు తీశాడు.

లోపల పైనా కిందా రెండు పడకలు, ఒక మడత బల్ల. కింద పడక మీద లోక్‌యీ కూర్చుంటే మోకాళ్లు ఎదుటి గోడకు తగిలాయి. టీ హోటల్లో గిన్నెలు కడిగి, అక్కడి చారు పట్టుకుని అప్పుడే మెట్లెక్కి వచ్చిన పాక్‌హే వాళ్లమ్మ, గుమ్మంలోనే ఆగి పెళ్లిచూపుల్లో కూడా అడగనన్ని ప్రశ్నలు అడిగింది.

"మీ నాన్నేం చేస్తాడు?"

"బస్సు నడుపుతారు ఆంటీ."

"కాకరకాయ తింటావా?"

"తినను ఆంటీ. చేదు."

అమ్మ కొడుకుకేసి తిరిగింది. "మొహం మీదే చెప్పింది, చూశావా? మొహమాటానికి తిని బాధపడే రకం కాదు. పో, అవ్వనడిగి ఇంకో గిన్నె పట్రా. మనకున్నవి రెండేగా."

పాక్‌హే పక్కగది తలుపు కొట్టాడు. లాం అవ్వకు చెవుడు. గిన్నె అందిస్తూ అరిచింది.

"ఎవరికిరా? ఆ ప్రశ్నల పిల్లకా?"

"కాదవ్వా."

"ఆఁ?"

"నేను ప్రేమించిన పిల్లకి!" అతనూ అరవాల్సి వచ్చింది.

చెక్క గోడల ఇల్లు. ఏడు గదులూ ఒక్కసారి నిశ్శబ్దమయ్యాయి. ఆ తర్వాత వాళ్ల గదిలోంచి, నోరు మూసుకున్నా ఆగని నవ్వు ఒకటి వినపడింది. దాని వెనకే అమ్మ గొంతు.

"విన్నాంలేరా! చారు చల్లారిపోతోంది, రా!"