మూయని ఫ్లవర్ బ్రాకెట్

ఓర్వకల్లు రాళ్ళగుట్టల పక్కన, పట్టపగలు, ఒక లారీ రోడ్డు దిగి మరీ కేశవ బైకును నలిపేసింది. అందరూ యాక్సిడెంట్ అన్నారు. ఏజెంట్ శివలీల తమ్ముడి చెప్పు చేతిలో పట్టుకుని నిలబడింది. ఏడవలేదు.

దినాలు కాకముందే కడప నాపరాళ్ళ యార్డు వెనకగదిలో బ్రీఫింగ్. చీఫ్ చంద్రమోహన్ ల్యాప్‌టాప్ తెరిచాడు.

"మార్లో. విదేశీ ముఠా నాయకుడు. ఓర్వకల్లు షెడ్డులో పైకి నాపరాళ్ళ వ్యాపారం, లోపల డ్రోన్లు. రేపు ఓర్వకల్లు ఎయిర్‌పోర్టులో శాస్త్రవేత్తల విమానం దిగేటప్పుడు వాటిని దానిమీదికి ఎగరేస్తాడు. దాన్ని ఆపేదానికే కేశవ వాళ్ళకాడ ప్రోగ్రామర్‌గా చేరినాడు."

"పట్టించింది ఎవరు సార్?"

"ప్రమీలారాణి. మన మనిషే అనుకుంటిమి. రెండు పక్కలా తింటాండాది."

"రెయిడ్ చేద్దాం."

"జీపు కనపడితే చాలు, ముందే బటన్ నొక్కుతాడమ్మా. మీ తమ్ముడు వేరే దారి పెట్టిపోయినాడు. సూడు."

స్క్రీన్ మీద సి ప్లస్ ప్లస్ కోడ్. శివలీలకు తమ్ముడి చేతిరాతలా కనిపించింది. అందులో వాడిన టెక్స్ట్ ఫార్మాటింగ్ లైబ్రరీ పని తేలికే. వాక్యం మధ్యలో ఫ్లవర్ బ్రాకెట్లు పెడితే, వాటిలో పేర్లూ అంకెలూ నింపి ఇస్తుంది. కోడ్‌లో బ్రాకెట్ తెరిచి మూయకపోతే, నడవకముందే తప్పులు చూసే కంపైలర్ వాకిట్లోనే చెవి పట్టుకుంటుంది. ప్రోగ్రాం నడుస్తుండగా బయటినుంచి వచ్చిన మాటనే వాక్యంగా వాడితే మాత్రం దానికి కనపడదు.

"గేటుకాడ రాసే రాతిగుర్తును బ్రాకెట్‌లో నింపకుండా, దాన్నే వాక్యం చేసినాడు," అంది శివలీల. "కావాలనే. ఇంక గుర్తు నేనేస్తా సార్."

కడప రాళ్ళ లోడుకు యజమాని గుర్తు అంచున ఎర్రరంగుతో ఉంటుంది. గేటు మనిషి చూసింది చూసినట్టు ఫోన్‌లో కొడతాడు, అది నేరుగా ప్రోగ్రాంలోకి పోతుంది. అర్థం అడిగే అలవాటు ఏ యార్డులోనూ లేదు.

మరుసటి రోజు నాపరాళ్ళ లారీ షెడ్డు గేటు ముందు ఆగింది. రాళ్ళ అంచున ఎర్రరంగుతో ఒకే ఒక్క గుర్తు: { క్లీనర్ వేషంలో శివలీల దిగింది. తలకు తువ్వాలు, మొహం నిండా రాతిదుమ్ము.

గేటు మనిషి పుల్లన్న ఫోన్‌లో ఆ వంకర ఎక్కడుందో వెతుక్కున్నాడు. "ఏం గుర్తప్పా ఇది? యాడా సూడలేదే."

పట్టుచీర, నల్లకళ్ళద్దాల ప్రమీలారాణి దగ్గరికొచ్చి నవ్వింది. "నిలువుగా నిలబెట్టిన మీసం మాదిరి ఉండాది."

"మా తమ్ముని మీసం మేడం," అంది శివలీల తల దించుకుని.

పుల్లన్న ఆ గుర్తే ఫోన్‌లో కొట్టేశాడు. లారీ లోపలికి పోయింది. గేటు మూసుకుంది.

ఆకాశంలో విమానం చప్పుడు. మార్లో వేలు లాంచ్ బటన్ మీద పడింది. ఎగరేసే ముందు ప్రోగ్రాం చివరి లోడు వివరం స్క్రీన్ మీద వేయాలి. గుర్తు తీసుకుంది. తెరిచిన బ్రాకెట్ కనిపించింది, మూసేది కనిపించలేదు. ప్రోగ్రాంను ఉన్నచోటే ఆపేసే తప్పు, ఎక్సెప్షన్, లేచింది. దాన్ని పట్టుకుని సర్దే కోడ్ కేశవ రాయనే లేదు.

స్క్రీన్ నల్లబడింది. తిరగడం మొదలుపెట్టిన డ్రోన్ల రెక్కలు ఆగిపోయాయి.

మళ్ళీ ఆన్ చేశాడు. అదే గుర్తు చదివింది. మళ్ళీ చచ్చింది.

"ఫిక్స్ ఇట్!" అని అరిచాడు మార్లో. "ఈ కోడ్ తెలిసినవాడు ఎవడు?"

దించిన రాళ్ళ పక్కనుంచి ముందుకొచ్చి శివలీల తువ్వాలు విప్పి మొహం తుడుచుకుంది. రెండో చేతిలో పిస్టల్.

"ఒకడుండె. మా తమ్ముడు. లారీ కింద ఏసి మీరే సంపితిరి కదప్పా."

ప్రమీలారాణి కళ్ళద్దాలు జారిపోయాయి. "శివలీలా, నేను మన పక్కే..."

"మన పక్కనోళ్ళు మట్టిలో ఉండారు."

విమానం క్షేమంగా దిగింది. చంద్రమోహన్ మనుషులు గేటు పగలగొట్టి లోపలికొచ్చి మార్లోను నేలకు అదిమారు. చీఫ్ నల్ల స్క్రీన్ కేసి చూశాడు.

"అంతా బాగుండాది గానీ, తెరిసిన బ్రాకెట్ అట్లే వదిలేస్తివి కదమ్మా?"

శివలీల ప్రమీలారాణి గాజుల చేతికి బేడీ వేసి గట్టిగా నొక్కింది. టక్.

"ఇప్పుడు మూసినా సార్. కంపైల్ చేసుకోండి."