సంచుల గదిలో ఈల

పలుగురాళ్ళు పొడికొట్టే ఆ మిల్లులో ఎవర్నైనా అడగండి, వెనకాల ఉన్న సంచుల గది పేరెత్తితే చాలు, మాట మార్చేస్తారు. దెయ్యముందండీ అందులో. సన్నగా ఈల వేస్తుంది... ఆగుతుంది... మళ్ళీ వేస్తుంది.

ఎవరిదో కాదు, జల్లెడాయనది. ఇరవై ఏళ్ళు రాతిపొడి జల్లించి జల్లించి, చివరికి ఆయాసంతో నాలుగు మెట్లు ఎక్కలేక, మంచం పట్టి పోయాడు పాపం. బతికున్నప్పుడు చీమకి కూడా హాని చేసిన మనిషి కాదు. అందుకని పాతవాళ్ళు తలుపు మీద మూడుసార్లు తట్టి, "అన్నా, నేనే" అని చెప్పి మరీ లోపలికెళ్తారు.

ఇంకో విడ్డూరం. కొత్తగా చేరినవాళ్ళకి ఆ ఈల వినిపించదు. ఐదారేళ్ళు పనిచేసినవాళ్ళకే. "మరి ఆయనకి తెలిసినవాళ్ళం మేమే కదా" అంటారు — పెళ్ళికి పిలుపొచ్చినట్టు, కాస్త గర్వంగానే.

ఈ సంగతి నాకు చెప్పింది సూదాయన తోడల్లుడు. సూదాయన అంటే ఆ మిల్లులో సంచుల మూతులు కుట్టే అతను. పదకొండేళ్ళ సర్వీసు. అసలు పేరు వాళ్ళావిడ కూడా మర్చిపోయి ఉంటుంది. తోడల్లుడు ఆటో అమ్ముకుని ఖాళీగా ఉంటే, "నాతో రా, నీడపట్టున పని" అని సూదాయనే తీసుకొచ్చాడు. ఒక రాత్రి షిఫ్టులో పని ఎలా ఉంటుందో చూసుకుని, పొద్దున్నే పనిలో చేరినట్టు ఆఫీసులో సంతకం పెట్టాలి.

నీడపట్టునే లెండి. కాకపోతే మనిషికి మనిషి కనబడడు. కనురెప్పల మీద, చెవుల్లో, టిఫిను డబ్బా మూత మీద — అంతా తెల్లటి పొడే. పక్కవాడితో మాట్లాడాలంటే చెవిలో నోరు పెట్టి అరవాలి, అంత రొద.

ఆ రాత్రి సూదాయనకి దారం అయిపోయింది. సంచుల గదికి బయల్దేరాడు.

"తోడు రానా అన్నా? దెయ్యం ఎత్తుకుపోతే వదినకేం చెప్పను?"

"మీ వదినే నన్ను భరించలేకపోతోంది తమ్ముడూ. అదేం భరిస్తుంది? గంటలో తెచ్చి దింపేస్తుంది."

మూడుసార్లు తట్టాడు. "అన్నా, నేనే."

ఆ గదికి కిటికీ లేదు — గాలి దూరితే పొడి లేస్తుందని ఎప్పుడో మూసేశారు. గోడలు మందం, మిల్లు రొద లోపలికి రాదు. ఇనప తలుపు వెనకాల దానంతటదే పడింది. దారపు ఉండ చేతికందిందో లేదో...

కరెంటు పోయింది.

మిల్లు ఆగింది. ఎప్పుడూ క్షణంలో అందుకునే జనరేటర్ ఆ రాత్రి మొరాయించింది.

తడుముకుంటూ తలుపు దగ్గరికొచ్చి తోశాడు. రాలేదు. బయట గడియ జారిపడింది. బాదాడు. పలికినవాడు లేడు.

అప్పుడు వినబడింది.

సీ...

దగ్గర్లోనే. గోడనానుకుని పక్కకి జరిగాడు. అదీ జరిగింది. సంచుల చాటుకి పోయాడు. అదీ చాటుకే వచ్చింది. ఊపిరి బిగబట్టి నక్కాడు...

ఆగిపోయింది.

తన కోసం చెవి ఒగ్గి కూర్చుంది కాబోలు. ఎంతసేపని బిగబడతాడు? ఛాతీ మండిపోతోంది. వదిలాడు —

సీ... గొంతు దగ్గరే.

"అన్నా..." అన్నాడు మెల్లగా. "నాకు పిల్లలున్నారు."

గడియ చప్పుడైంది. ఫోను లైటు పట్టుకుని తోడల్లుడు.

"ఏమైపోయావన్నా ఇంతసేపు?"

"ష్... విను. పక్కనే ఉన్నాడు."

విన్నాడు. అతనికీ వినిపించింది. లైటు మూలమూలకీ తిప్పాడు — సంచులు, దారం, అంతే. మెల్లగా వంగి, సూదాయన చొక్కాకి చెవి ఆనించాడు.

"అన్నా... ఇది నీలోంచి వస్తోంది."

సూదాయన ఒప్పుకోలేదు. ఊపిరి బిగబట్టి చూశాడు. వదిలి చూశాడు. మళ్ళీ బిగబట్టాడు. వాళ్ళావిడ రోజూ గురక అని విసుక్కునేది దీన్నేనేమో...

ఇద్దరూ షెడ్డులోకి వచ్చారు. చీకట్లో, గోడ పొడుగునా, కరెంటు కోసం చూస్తూ కూర్చున్నారు పన్నెండుమంది పాతవాళ్ళు. అలసిపోయి ఎవరూ మాట్లాడ్డం లేదు.

ఆ మూల నుంచి... సీ.

ఈ మూల నుంచి... సీ.

తోడల్లుడు లెక్కపెట్టాడు. పన్నెండు ఈలలు.

"నేను సంతకం పెట్టనన్నా," అన్నాడు గుసగుసగా. "నువ్వూ వచ్చెయ్."

సూదాయన అరచెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నాడు. "వస్తాను తమ్ముడూ. మరి ఈయన్నెక్కడ దింపను?"

జనరేటర్ అందుకుంది. మిల్లు తిరిగింది. ఈలలన్నీ రొదలో మునిగిపోయాయి. పాతవాళ్ళు బట్టలు దులుపుకుని లేచారు. సూదాయన సంచి ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కించాడు. కుట్టు మొదలుపెట్టే ముందు, వేళ్ళు మడిచి, గుండెల మీద మూడుసార్లు తట్టుకున్నాడు.

ఏమన్నాడో ఆ రొదలో వినపడలేదట. పెదవుల్ని బట్టి తెలిసిందట... "అన్నా, నేనే."