పటమట పందిరికి బ్లేడు కోత

వాన వెలిసిన బుధవారం ఉదయం. పటమటలో ఫంక్షన్ హాలు ముందు బురదలో వాచ్‌మన్ మరియదాసు శవం. నడుము దాకా తెల్లటి పందిరి గుడ్డ.

పందిరంటే తాటాకులది కాదు. ప్లాస్టిక్ పూత పట్టించిన మందపాటి బట్ట. ఆ పూత మీద గాజులా మెరిసే టాప్ కోట్ ఇంకొకటి. ఇబ్రహీంపట్నం థర్మల్ ప్లాంటు బూడిదంతా తెచ్చి కుమ్మరించినా మరకంటదనీ, ఈగ వాలితే కాలు జారి నడుం విరగ్గొట్టుకుంటుందనీ హాలు ఓనరు నాగబాబు ఊరంతా డప్పు కొట్టాడు. ఈగల సంగతి ఎవరూ చూడలేదు గానీ, మంగళవారం సాయంత్రం గాలివానకి పందిరే ఊడి పడింది. ఇనప కమ్మీతో సహా.

సీఐ జీవరత్నం జీపు దిగాడు. శవాన్ని చూశాడు. నాగబాబును చూశాడు. ఇద్దరిలో శవం మొహమే కాస్త నయమనిపించింది.

నాగబాబుకు తొమ్మిది వేళ్ళకి ఉంగరాలు. పదోది ముక్కులో పెట్టుకోవడానికి ఖాళీగా ఉంచుకున్నాడు కాబోలు.

"మర్డరండీ సీఐ గారూ! ఈ పందిరికి అతుకులేసిన వెల్డింగు నవాజ్ గాడే. పనిలోంచి తీసేశానని కక్ష. పైకెక్కి కోసి పడేశాడు, ఇదిగో, కోత చూడండి."

పందిరి ముక్కలు కలిపిన అతుకు బారునా విడిపోయి ఉంది. దాని పక్కనే మూరెడు పొడవున బ్లేడు కోత.

"మీరెప్పుడు చూశారు?"

"పొద్దున్నే ఏడింటికండీ."

"స్టేషన్‌కి ఫోనొచ్చింది తొమ్మిదింటికి."

"కంగారండీ. కాళ్ళూ చేతులూ ఆడలేదు."

"చేతులు కూడానా?" అన్నాడు జీవరత్నం.

నవాజ్‌ను అప్పటికే పట్టుకొచ్చారు. మంగళవారం మధ్యాహ్నం అతను హాలు గేటు దగ్గర అరిచి గోల చేశాడని నలుగురు సాక్ష్యం చెప్పారు. హత్య కేసు. లాకప్. బయట బెంచీ మీద అతని భార్య తబస్సుం. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"ఎందుకు గొడవ పడ్డావురా?" అన్నాడు జీవరత్నం, లాకప్ ముందు నిలబడి.

"పందిరి దింపేయమని చెప్పడానికెళ్ళాను సార్. ఆ టాప్ కోట్ ఉందే, దాని మీద ఏదీ అంటదు. మరక అంటదు, అతుకూ అంటదు. అతుకు పడే చోట మెరుపంతా గ్రైండర్‌తో గీకేసి, అప్పుడు వేడి చేసి నొక్కాలి. రెండు అతుకులు అట్టాగే వేశాను. అతుకు అంచున సన్నగా మసక చార కనపడింది. 'డబ్బు పోసి మెరుపు కొంటే గీకేస్తావేంట్రా' అని ఓనరు తరిమేశాడు. మూడోది వాళ్ళ బావమరిది వేశాడు. గీకకుండా."

"నువ్వు చెప్పేది కోర్టు నమ్మాలిగా. కోత కనపడతా ఉంది."

"కోత నాది కాదు సార్." అతను ఊచలు పట్టుకుని ముందుకొచ్చాడు.

జీవరత్నం మళ్ళీ హాలుకెళ్ళాడు. భూతద్దం పెట్టి కోతనే చాలాసేపు చూశాడు. ఈల వేసుకుంటూ తిరిగొచ్చాడు.

మధ్యాహ్నం మూడింటికి అందరినీ హాల్లో కూర్చోబెట్టాడు. నాగబాబు, అతని బావమరిది, బేడీలతో నవాజ్, తబస్సుం. ఓ మూల మరియదాసు భార్య శౌరమ్మ.

బల్ల మీద బురదనీళ్ళ బేసిను. జీవరత్నం పందిరి గుడ్డలోంచి ఓ ముక్క కోసి అందులో ముంచాడు.

"నాగబాబు గారూ, మీ గుడ్డ బురద పీలుస్తుందా?"

"ఛ! నీళ్ళు జారిపోతాయండీ. తామరాకే!"

"పైన తామరాకే. లోపల?"

నాగబాబు బేసినులోకి తొంగి చూశాడు.

జీవరత్నం ముక్కను తీసి దులిపాడు. పైనంతా తెల్లగా మెరుస్తోంది. కోసిన అంచున మాత్రం దారప్పోగులు బురదనీళ్ళు తాగి దీపం వత్తుల్లా నల్లబడ్డాయి.

"పూత బయటికే. లోపల నేత దారమే. కోశారంటే దారం బయటపడుతుంది, నీళ్ళు తాగుతుంది. నవాజ్ పైకెక్కి కోస్తేనే పందిరి పడిందన్నారు మీరు. అంటే ఆ కోత రాత్రంతా వానలో, బురదలో నానాలి. నేను చూసిన కోతలో పోగులు మల్లెమొగ్గల్లా ఉన్నాయి. వాన వెలిశాక, గుడ్డ నేల మీద ఉండగా కోశారు. ఏడింటికీ తొమ్మిదింటికీ మధ్య. అప్పుడిక్కడ ఉన్నది మీరు."

"అదీ... ఎలకేమోనండీ..."

"ఎలకా? స్కేలు పెట్టి గీసినట్టు కోసే ఎలకుంటే చెప్పండి, డిపార్ట్‌మెంట్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా వేసుకుంటాం."

బావమరిది వైపు తిరిగాడు. "విడిపోయిన అతుకులో రెండు వైపులా మెరుపు చెక్కు చెదర్లేదు. గీకలేదే?"

"బావే వద్దన్నాడు సార్! చుట్టాలొచ్చి చూస్తే చార కనపడి పరువు పోద్దన్నాడు. బ్లేడు కూడా బావ జేబులోదే!"

"నోర్ముయ్యరా సన్నాసీ!" నాగబాబు లేచాడు.

"మీరు కూర్చోండి. నవాజ్ చెప్పినప్పుడు దింపి ఉంటే మరియదాసు బతికేవాడు. పోయినవాణ్ణి బురదలోనే ఉంచి, ముందు బ్లేడు వెతుక్కున్నారు."

కానిస్టేబుల్ నవాజ్ బేడీలు తీశాడు. తబస్సుం అతని మణికట్టు మీది ఎర్రటి గుర్తులు చీరకొంగుతో తుడవబోయింది, తుడిస్తే పోతాయన్నట్టు.

నాగబాబు కుర్చీ సీఐ దగ్గరగా జరిపాడు. గొంతు తగ్గించాడు.

"సీఐ గారూ, ఇంత రాద్ధాంతం ఎందుకండీ. పోయింది వాచ్‌మనేగా. మనమూ మనమూ కూర్చుని మాట్లాడుకుందాం."

మూల నుంచి శౌరమ్మ లేచింది. వంగి కాలి చెప్పు తీసింది. తొందరేమీ లేకుండా నడిచొచ్చింది.

కానిస్టేబుల్ సీఐ వైపు చూశాడు.

"గేటు దగ్గర ఎవరో పిలుస్తున్నట్టున్నారు, పద, చూసొద్దాం" అన్నాడు జీవరత్నం.

ఇద్దరూ బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసి నిలబడ్డారు. గేటు దగ్గర ఎవరూ లేరు.