నాగవ్వ పేరున చీటి

ఇందుల ఒక్క మాట అబద్ధమైతే నా నోట్ల మిగిలిన మూడు పళ్లు ఇప్పుడే ఊడి నీ ఒళ్లో పడాలె.

ఆర్మూర్‌ల మా పసుపు రైతుల సంఘం గోదాం నీకెరుకే. లక్ష బస్తాలు పడుతయి. సరే, రెండు వేలు. దాని మూలకు ఒక గది, గదిల కంప్యూటరు, దాని ముందు నా మనుమరాలు మానస. సంఘం వెబ్‌సైట్‌కు లాగిన్ తయారు చేస్తుంది. ఇయ్యాల ఐతారం, హమాలీలు లేరు. మిట్టమధ్యాహ్నం నేను తోడు పోయిన.

"సర్వర్‌కు మతిమరుపు అవ్వా," అన్నది మానస. "ఒకసారి పేరు, పాస్‌వర్డ్ చూసి చీటి రాసిస్తది. దాన్నే కుకీ అంటరు. తర్వాత ఆ చీటి చూపిస్తే చాలు, మనిషిని గుర్తుపట్టి లోపలికి రానిస్తది."

"నాకంటే నయమే. నాకు చీటి చూపించినా గుర్తురాదు."

పరీక్షకు ఒక పేరు కావాలె. బతికున్నోళ్ల పేరు పెడితే వాళ్ల ఫోన్లకు మెసేజ్‌లు పోతయట. అందుకని పిల్ల నాగవ్వ పేరు పెట్టింది. నాగవ్వ ఆ గోదాంలనే నలభై ఏండ్లు బీడీ తాగుకుంట పసుపు కొమ్ములు ఏరింది. పోయి ఆరు రోజులు. దినాలు కాకముందు పోయినోళ్లను పేరు పెట్టి పిలువం. రమ్మని అసలే అనం. నేను కునికి లేచేసరికి తెర మీద అక్షరాలు.

నాగవ్వా, రా.

"ఏం రాసినవే!"

"స్వాగతం అని రాస్తే మనోళ్లకు పరాయిగ ఉంటదని..."

కరెంటు పోయింది. కంప్యూటరు ఒక్కటే బ్యాటరీ మీద నడుస్తుంది. షట్టర్ కింద సన్నటి వెలుగు గీత. గొంతు పట్టే పసుపు ఘాటు, దాని అడుగున బీడీ పొగ వాసన. బస్తాల వెనుక గలగల... ఆగింది. మళ్లీ గలగల. చాటల కొమ్ములు పోసి ఎవరో ఏరుతున్నట్టు.

"ఎలుకలు," గుసగుసగా అన్నది మానస.

"ఎలుకలు బీడీ తాగుతయా?"

పిల్ల చీటి చెరిపేసింది. అయినా తెర మీద: నాగవ్వా, రా. సర్వర్ దగ్గరున్న నకలు కూడా చెరిపింది. మళ్లీ అదే. తన పేరు, తన పాస్‌వర్డ్ కొట్టింది.

నాగవ్వా, రా.

ఏరుడు ఆగింది.

"అవ్వా... నేను మానసనే గద?"

అవునందామని నోరు తెరిచిన. అప్పుడు ఆమె చేతులు చూసిన. మోచేతుల దాక పసుపు. వచ్చినప్పటి నుంచి ఒక్క కొమ్ము ముట్టలేదు పిల్ల...

ఒక్క దుంకుడుకు డెబ్బై బస్తాలు దాటి, షట్టర్ కింది సందుల నుంచి దూరి రోడ్డు మీద పడ్డ. అవును, పిల్లను ఇడిసిపెట్టే ఉరికిన. నవ్వకు.

వాచ్‌మన్ లింగన్న షట్టరెత్తి, "మానసా!" అని పిలిచిండు. "వస్తున్న మామా," అని మన పిల్ల గొంతు పలికింది... బస్తాల వెనుక నుంచి. కుర్చీల కూసున్న పిల్ల తల కూడా తిప్పలేదు. లింగన్న అటే పోయిండు, మళ్లీ కనిపించలే.

నా మోకాళ్లు లేస్తలేవు బిడ్డా. నువ్వు జర పోయి మానసను తోల్కరా. కుర్చీల ఉన్నదాన్ని కాదు. పలికినదాన్ని.