సవరణి లేని ఉత్తరం

అంగారకుడి మీద కొత్తకోన ఊళ్లో ఎవరూ ఎవరికీ కటువైన ఉత్తరం పంపలేరు. ‘నీ నిర్లక్ష్యం వల్లే మొక్కలన్నీ మాడిపోయాయి’ అని ఒకరు రాస్తే, అవతలి వాళ్ల ఫోనులో ‘ఈ వారం మొక్కల మీద ఇంకాస్త శ్రద్ధ పెడితే బాగుంటుందేమో’ అని వెలుగుతుంది. మధ్యలో కూర్చుని ఆ మాటలను మార్చే యంత్రం పేరు సవరణి.

ఊరి మీదుగా తిరిగే ఉపగ్రహంలో మెయిల్ సర్వర్ ఉంది. సవరణి ఉండేది అందులోనే. ప్రతి ఉత్తరాన్నీ చదివి, అందులోని కోపాన్నీ ఎత్తిపొడుపునూ భయాన్నీ వడకట్టి, విషయాన్ని మాత్రం రాసిన మనిషి ధోరణిలోనే తిరగరాసి పంపుతుంది. దాన్ని ఎవరూ సరదాకు పెట్టుకోలేదు. ఊరు కట్టిన కొత్తలో, ఇరుకు సొరంగాల్లో నెలల తరబడి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ బతికే మనుషుల మధ్య ఒక ఉత్తరం చిచ్చు పెట్టింది. మాటా మాటా పెరిగి ఒకడు ఆవేశంలో, ఊరి గాలిని లోపల పట్టి ఉంచే గాలితలుపు తెరిచేశాడు. ఇద్దరు పోయారు. వాళ్లలో ఒకరు ఊరి అధికారి చిదంబరంగారి తమ్ముడు. సవరణి వచ్చాక ఊళ్లో ఒక్క గొడవ కూడా జరగలేదు.

ఆ ఉదయం హైమవతి చేతిలో ఉన్న ఉత్తరం కూడా మెత్తగానే ఉంది.

‘ప్రియమైన హైమవతికి, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. గాలియంత్రం కాస్త మొరాయిస్తోంది, సర్దుకుంటున్నాం. తుపాను గురించి మీరేమీ కంగారు పడవద్దు. నసీమా.’

హైమవతి ఊళ్లో ఫోన్లూ తీగలూ చూసే ఇంజనీరు. నసీమా ఉత్తర ధ్రువం దగ్గర మంచు తవ్వే శిబిరానికి పెద్ద. అక్కడ ఆమెతో కలిపి ఆరుగురున్నారు. ధూళి తుపానుకు శిబిరం పెద్ద యాంటెన్నా విరిగిపోయింది. అప్పటి నుంచి మాట వినపడదు, యంత్రాల లెక్కలూ రావు. ఉపగ్రహం తలమీదికి వచ్చినప్పుడు సన్నని దారిలో ఉత్తరాలు మాత్రం వచ్చిపోతున్నాయి.

కర్నూలు హాస్టల్లో నాలుగేళ్లు ఒకే గదిలో ఉన్న నసీమా తనను ‘ప్రియమైన’ అనడం హైమవతికి మింగుడుపడలేదు. ఉత్తరం పట్టుకుని నేరుగా చిదంబరంగారి దగ్గరికి వెళ్లింది.

“సార్, రోవర్ పంపాలి. ఇప్పుడే. సాయంత్రానికి శిబిరానికి పోయే కనుమ ధూళితో మూసుకుపోతుంది. ఆ తరవాత తుపాను తగ్గేదాకా మనం చెయ్యగలిగిందేమీ ఉండదు.”

ఆయన ఉత్తరం చదివి కళ్లద్దాలు తీశారు. “బాగానే ఉన్నామని రాసిందిగా అమ్మా.”

“ఇది నసీమా రాసింది కాదు సార్, మనకు అందింది. అది ఏం రాసిందో సవరణి ఏం చేసిందో ఎవరికి తెలుసు? ‘ఊపిరి ఆడట్లేదు’ అన్నమాటే ‘కాస్త మొరాయిస్తోంది’ అయివుండొచ్చు.”

“ప్రాణం మీదికొచ్చిన మాటను అది మార్చదని చెప్పే కదా పెట్టారు?”

“అలా చెప్పారు. ఎవరైనా పరీక్షించారా?”

ఊరికి దూరప్రయాణం చేయగల రోవర్ ఒక్కటే ఉంది. అనుమానం మీద దాన్ని తుపానులోకి తోలితే, దానితోపాటు డ్రైవరు ఓబులేసు కూడా తిరిగి రాకపోవచ్చు. ఆ సంగతి హైమవతికీ తెలుసు.

“అసలు ఉత్తరం చూపిస్తాను. చూశాక మీరే చెప్పండి” అంది.

అధికారిక యాప్‌లో అసలు ఉత్తరం కనిపించదు. అది సవరణి గడప దాటి వచ్చినదాన్నే చూపిస్తుంది. కానీ హైమవతి పాత ఫోనులో పిచ్చుక అనే మెయిల్ యాప్ ఉంది. భూమి మీద ఎవరెవరో తీరిక వేళల్లో కలిసి రాసిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం అది. దాని మూలరచన ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు. అది ఏ సవరణికీ లోబడేది కాదు. సర్వర్‌కు మరమ్మతు కోసం వదిలిన పాత ద్వారం ఒకటుందనీ, సవరణి దిద్దకముందటి రూపంలోనే ఉత్తరాలు అక్కడ దొరుకుతాయనీ హైమవతి విని ఉంది. తన ఖాతాను పిచ్చుకలో పెట్టి ఆ ద్వారం గుండా తెరవగలిగితే చాలు. ఉపగ్రహం అప్పటికే దిగంతం మీదికి వచ్చింది. మళ్లీ వచ్చేది చీకటి పడ్డాకే.

చిరునామా, పాస్‌వర్డ్ కొట్టింది. పిచ్చుక తనంతట తానే వెతుక్కుని వెళ్లి సవరణి వాకిట్లోనే నిలబడింది. దాన్ని వెనక్కి లాగి, సర్వర్ పేరూ పాత ద్వారం సంఖ్యా తన చేత్తో నింపింది. ఈసారి ఎర్రగా ఒక వాక్యం వచ్చింది: ‘ఈ సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదు.’

సర్టిఫికెట్ అంటే, నేను ఫలానా అని సర్వర్ రుజువు చేసుకునే పత్రం. ఎప్పుడో ఇచ్చిన పత్రం ఇంకా అమల్లోకి రాకపోవడమేమిటి? హైమవతి నుదురు కొట్టుకుంది. ఊళ్లో ఫోన్లన్నీ అంగారక పంచాంగం మీద నడుస్తాయి. ఇక్కడి ఏడాది భూమి ఏడాదికి దాదాపు రెట్టింపు. ఈ ఫోను లెక్కలో, భూమి తేదీ వేసి ఇచ్చిన ఆ పత్రం పుట్టే రోజు ఇంకా రానేలేదు. గడియారాన్ని భూమి కాలానికి తిప్పింది. ఎర్ర వాక్యం పోయి ఇంకొకటి వచ్చింది: ‘పాస్‌వర్డ్ చెల్లదు. బయటి యాప్‌లకు వేరే పాస్‌వర్డ్ కావాలి. అధికారి అనుమతి అవసరం.’

ఓబులేసు ప్రయాణపు సూటు తొడుక్కుని, శిరస్త్రాణం చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. “మేడం, పోయేదుంటే బిన్నా చెప్పండి, టైం లేదు. గాలి రేగతాంది.”

హైమవతి ఫోను చిదంబరంగారి ముందు పెట్టింది. “మీ వేలిముద్ర కావాలి సార్.”

ఆయన చెయ్యి కదల్లేదు. “సవరణి లేని రోజుల్లో ఏం జరిగిందో నీకు తెలీదు హైమా. నా తమ్ముణ్ణి చంపింది తలుపు కాదు. ఒక వాక్యం.”

“ఆరుగురిని చంపేది కూడా ఒక వాక్యమే అవుతుందేమో సార్.”

చివరికి ఆయన బొటనవేలు ఫోను మీద ఆనింది.

పిచ్చుక కదిలింది. ఉత్తరాలు ఒకదాని వెనక ఒకటి దిగడం మొదలుపెట్టాయి. నసీమా ఉత్తరం పైనే ఉంది. హైమవతి దాన్ని తెరిచింది.

‘ప్రియమైన హైమవతికి, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. గాలియంత్రం కాస్త మొరాయిస్తోంది, సర్దుకుంటున్నాం...’

అక్షరం తేడా లేదు.

“చూశావా?” అన్నారు చిదంబరంగారు. ఆయన గొంతులో గెలుపు లేదు, ఊరట ఉంది. “ఆ అమ్మాయే రాసింది. ఓబులేసూ, సూటు విప్పెయ్.”

హైమవతి విన్నట్టు లేదు. ఆమె చూపు ఉత్తరం తల మీద ఉంది. మామూలు యాప్ దాచిపెట్టే చిన్న అక్షరాల వరస అది. ‘సవరణి: స్పందన లేదు. ఉత్తరం యథాతథంగా పంపబడింది.’ దాని కింది ఉత్తరం చూసింది. అదే మాట. ఆ కిందిదీ అంతే. గబగబా వెనక్కి జరిపింది. వంటశాల గురించి ప్రసాదు ఊరందరికీ పంపిన పొగడ్త, డాక్టరమ్మ క్షమాపణ, బడిపిల్లల కృతజ్ఞతలు, అన్నిటి తల మీదా అదే వరస. పోయినేడాది దాకా వెళ్తే గానీ సవరణి చెయ్యిపడ్డ ఉత్తరం ఒక్కటి కూడా దొరకలేదు.

“సార్, సవరణి ఆగిపోయి ఏడాది దాటింది.”

“అదెలా? అది నడుస్తోందని రోజూ పచ్చదీపం వెలుగుతూనే ఉందిగా?”

“ఫిర్యాదు రాకపోతే పచ్చదీపం వెలుగుతుంది. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. అది ఆగిపోతే ఉత్తరాలు ఆగకుండా ఉన్నవి ఉన్నట్టే వదలమని దాన్ని కట్టినవాళ్లే ఏర్పాటు చేశారు. ఇన్నాళ్లూ మనమే సవరించుకుంటున్నాం. రాయకముందే.”

తను నసీమాకు పంపిన ఉత్తరాలు తెరిచింది. ‘మీరంతా క్షేమమని తలుస్తాను.’ ‘మీ ధైర్యం మాకు ఆదర్శం.’ ఏ యంత్రమూ తాకని, తన సొంత వాక్యాలు. ఇలాంటి ఉత్తరానికి ‘బాగోలేం’ అని జవాబెలా రాస్తారు?

ఉపగ్రహం దిగిపోవడానికి ఇంకెంతో సమయం లేదు. హైమవతి మెయిల్ తెరిచి రాసింది.

‘ఒసేయ్ నసీమా. గాలి ఎంతుంది? అంకె చెప్పు. ఎవరికి ఎలా ఉందో చెప్పు. మర్యాద చేశావంటే వచ్చి చంపుతా.’

ఓబులేసు సూటు విప్పలేదు. బయట ధూళి గోడను గీకుతున్న చప్పుడు సొరంగంలోకి వినపడుతోంది. చిదంబరంగారు అధికారిలా కాక, ఆసుపత్రి వరండాలో కూర్చున్న మనిషిలా బల్ల అంచు పట్టుకున్నారు.

ఫోను మోగింది.

‘ఒక యంత్రం చచ్చింది. ఇంకోటి సగం కూడా లాగట్లేదు. రేపు పొద్దునకు చాలదు. భానోజీ లేపినా లేవట్లేదు. నాకు అక్షరాలు రెండు రెండుగా కనపడతన్నాయే హైమా. భయంగా ఉంది. రాండి. ఎవరన్నా రాండి.’

చిదంబరంగారు చదవడం పూర్తయ్యేసరికి ఓబులేసు శిరస్త్రాణం బిగిస్తున్నాడు. హైమవతి రెండో సూటు అందుకుంది. ఆయన ఆమెను ఆపలేదు. “ఆక్సిజన్ సిలిండర్లు ఉన్నవన్నీ ఎక్కించండి” అని మాత్రం అరిచారు. ఆయన అరవడం ఊళ్లో వాళ్లు ఏళ్ల తరవాత విన్నారు.

కనుమలో ముందు చక్రం కూడా కనిపించలేదు. ఓబులేసు బండిని రాతిగోడకు రాసుకుంటూ, ఆ గీరుడు చప్పుడునే దారిగా చేసుకుని నడిపాడు. శిబిరం లోపల దీపాలు మసకగా ఉన్నాయి. నసీమా మెయిల్ యంత్రం ముందే నేలమీద ఒరిగి ఉంది, పెదాలు నీలంగా. ఆరుగురినీ ఒకరి మీద ఒకరిని సర్ది, ముఖాలకు గొట్టాలు తగిలించి, తిరిగి కనుమ దాటేసరికి వెనక ఆకాశమూ నేలా ఏకమైపోయాయి. భానోజీ దారిలోనే పోయాడు. ఒక్క రోజు ముందు వెళ్లి ఉంటే బతికేవాడని డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది.

అతన్ని మట్టి చేసిన మర్నాడు ఊరంతా సమావేశమైంది. సవరణిని మళ్లీ నడిపించాలా, పీకెయ్యాలా? పీకెయ్యమని అందరూ చేతులెత్తారు. పిచ్చుకను అందరి ఫోన్లలోనూ పెట్టే పని హైమవతికి అప్పగించారు. ఎవరి ఖాతా వాళ్లకు తెరుచుకునేలా ఆమె ఆ పాస్‌వర్డుల చిక్కు విప్పింది, గడియారం సంగతి యాప్‌లోనే సరిదిద్దింది. ఇప్పుడు ఒకరికీ మరొకరికీ మధ్య ఏ యంత్రమూ లేదు.

వారం గడిచింది. ఉత్తరాలు మునుపటిలాగే మెత్తగా వస్తున్నాయి. అందరూ బాగానే ఉన్నారు. అందరూ ఒకరికొకరు కృతజ్ఞతలు చెప్పుకుంటున్నారు. హైమవతి ప్రతి ఉత్తరాన్నీ రెండుసార్లు చదువుతోంది, వాక్యాల వెనక ఏముందోనని తడుముకుంటూ.

ఒక మధ్యాహ్నం తీగలు అతుకుతుండగా ఆసుపత్రి నుంచి నసీమా ఉత్తరం వచ్చింది. ‘నేను బాగానే ఉన్నాను హైమా. నువ్వు పని చూసుకో.’

హైమవతి చేతిలో ఉన్నది నేల మీద వదిలేసింది. సొరంగం పొడవునా పరుగెత్తింది. ఎదురొచ్చిన వాళ్లు గోడలకు అతుక్కుని దారిచ్చారు. ఆసుపత్రి తలుపు తోసుకుని, రొప్పుతూ లోపలికి వెళ్లింది.

నసీమా మంచం మీద దిండుకు ఆనుకుని, గిన్నెలో ఉప్మా తింటోంది. ముఖంలో రంగు వచ్చింది. స్నేహితురాలి వాలకం చూసి చెంచా దించింది.

“ఏమయిందే? అట్లా పరిగెత్తుకొచ్చినావు?”

“నువ్వు... ఉత్తరం...”

“బాగానే ఉండానని కదా రాసినా.”

“అందుకే వచ్చాను.”

నసీమా ఫక్కున నవ్వింది. నవ్వుకు దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక ఆమె కళ్లలో నవ్వు లేదు. గిన్నె పక్కన పెట్టి హైమవతి చెయ్యి పట్టుకుంది.

“మరి నిజంగా బాగుండే రోజున ఏమని రాయాలే నేను?”

హైమవతి ఆ మంచం పక్కనే కూర్చుని, నసీమా ఊపిరి లోపలికీ బయటికీ సాఫీగా ఆడుతోందో లేదో చాలాసేపు వింటూ ఉండిపోయింది.