సరిగ్గా తొమ్మిది మంది

"పోరలందరు ఎక్కిర్రా?" ఎడ్లను బండికి కడుతూ కేకేశాడు బాపు.

"జర ఆగు బాపూ! లెక్కపెడ్తున్న!" అంది బీరమ్మ.

బీరమ్మకు పదేళ్ళు. ఆమె ఇంకా రొప్పుతూనే ఉంది. రంగులరాట్నం దగ్గర నుంచి ఇప్పుడే ఉరికొచ్చింది మరి.

వాళ్ళు జానపహాడ్ దర్గా దగ్గర జరిగే ఉర్సు జాతరకు వచ్చారు. బాపు పిల్లలు ఐదుగురు, చిన్నాయిన పిల్లలు నలుగురు. చిన్నాయిన, చిన్నమ్మ పశువులను చూసుకోవడానికి ఊళ్ళోనే ఉండిపోయారు. అమ్మ, బాపు, అవ్వ కలిసి తొమ్మిది మంది పిల్లలనూ ఒకే బండిలో తెచ్చారు. పొద్దున్నే మూడేళ్ళ సైదులుకు పుట్టువెంట్రుకలు తీయించి, గుండుకు గంధం పూశారు. దర్గాలో ఫాతెహా చదివించారు. చింతచెట్టు కింద మేకను కోసి మొక్కు విందు, కందూరు, వండుకుని, అందరూ వరసగా కూర్చుని తిన్నారు.

తిన్నాక సైదులు గొంగడిలో నిద్రపోయాడు. బాపు ఎడ్లను నీళ్ళకు తోలుకుపోయాడు, మిగతా పిల్లలు జాతరలోకి ఉరికారు. అవ్వ కూడా బండికి ఆనుకుని కునుకు తీసింది. "నేను వాగుల బోళ్ళు కడుక్కొస్త. నువ్వు తమ్మునికాడ్నే ఉండు" అని చెప్పి వెళ్ళింది అమ్మ.

బీరమ్మ కాసేపు కూర్చుంది. రంగులరాట్నం కిర్రుకిర్రుమంటూ పిలిచినట్టనిపించింది. 'ఒక్కసారి చూసొస్త' అనుకుంది. ఒక్కసారి కాస్తా చాలాసేపు అయింది.

ఇప్పుడేమో అందరూ తిరిగొచ్చారు, బాపు తొందర పెడుతున్నాడు. బీరమ్మ గొంగడి దగ్గరికి పరుగెత్తింది. గంధం పూసిన గుండు ఒకటి బయటికి కనిపిస్తోంది. గొంగడితో సహా ఎత్తుకుని బండిలో పడుకోబెట్టింది. తనూ ఎక్కి వేలితో చూపిస్తూ లెక్కపెట్టింది. తనతో కలిపి తొమ్మిది.

"తొమ్మిది మందిమి ఉన్నం!" అంది.

బండి కదిలింది.

అర కోసు దూరం పోయారో లేదో, గొంగడి కదిలింది. గుండు పైకి లేచింది.

"అమ్మీ కహాఁ హై?"

అమ్మ ఏదని అడుగుతోంది ఆ గుండు, ఉర్దూలో.

"ఏందిరా సైదులూ, గట్ల మాట్లాడుతున్నవ్?" అంటూ బీరమ్మ గొంగడి తీసింది.

వాడు సైదులు కాదు!

అదే గుండు. అదే గంధం. అంతే పొడుగు. కానీ కళ్ళు వేరు, ముక్కు వేరు. వాడు బీరమ్మను చూశాడు, చుట్టూ ఉన్న పిల్లలందరినీ చూశాడు, నోరు తెరిచి గట్టిగా ఏడుపు అందుకున్నాడు.

"సైదులేడి?" అంది అమ్మ.

బీరమ్మకు ఏమీ అర్థం కాలేదు. మళ్ళీ లెక్కపెట్టింది. తొమ్మిది. అటు నుంచి ఇటు లెక్కపెట్టింది. అప్పుడూ తొమ్మిదే. తొమ్మిది మందీ ఉంటే సైదులు కూడా ఉండాలి కదా? మరి లేడేం?

"అమ్మా, లెక్క సరిగ్గనే ఉంది" అంది నెమ్మదిగా.

అమ్మ ఆ మాట వినలేదు. అప్పటికే బండి దూకి, చెప్పులు కూడా లేకుండా వెనక్కి ఉరుకుతోంది. బాపు ఎడ్లను మళ్ళించాడు. ఎదురుగా వచ్చే బండ్ల వాళ్ళు "ఏమైంది, ఏమైంది" అని అడుగుతున్నారు. ఎవరికీ జవాబు చెప్పే ఓపిక లేదు.

అన్న గుర్వయ్య సర్కారు బడిలో ఉర్దూ చదువుతాడు. వాడు ఆ పిల్లవాడి చేయి పట్టుకుని పేరు అడిగాడు.

"కరీం" అన్నాడు వాడు వెక్కుతూ.

బీరమ్మ కరీంను ఒళ్ళోకి తీసుకుంది. వాడు ఆమె మెడ గట్టిగా పట్టుకున్నాడు. సైదులు కూడా అచ్చం ఇట్లాగే పట్టుకుంటాడు. సైదులును ఇప్పుడు ఎవరు ఎత్తుకున్నారో?

చింతచెట్టు దగ్గరికి వచ్చేసరికి అమ్మ సైదులును గుండెకు హత్తుకుని నిలబడి ఉంది. పక్కనే ఒకామె. పొద్దున పక్క చాప మీద పిల్లలతో కూర్చున్న ఇక్బాల్ బీ. బండిలో కరీంను చూడగానే ఒక్క అంగలో వచ్చి లాక్కున్నట్టే తీసుకుంది. వాడి గుండు మీద, చెంపల మీద ముద్దులు పెడుతూ ఏడ్చింది. అరిచి అరిచి ఆమె గొంతు పోయింది.

"ఎట్ల జరిగిందమ్మా గిట్ల?" అడిగాడు బాపు.

"మీ పోరడు నిద్రలేచి అక్కా, అక్కా అని ఒకటే ఏడుపు" అంది ఇక్బాల్ బీ. "ముసలమ్మ నిద్రల ఉండె. మీవోళ్ళు ఎవ్వరు కనవడలే. పాపం అని ఎత్తుకొని, మా పెద్ద పోరలతోని మిమ్ముల దేవులాడబోయిన. మా కరీం ఈడ్నే చాప మీద పండుకొని ఉండె. చలికి మీ గొంగట్ల దూరినట్టుండు. తిరిగొచ్చి చూస్తె మీ బండి లేదు, నా పోరడు లేడు."

బీరమ్మ బండి దిగింది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. అయినా చెప్పింది.

"నేను రంగులరాట్నం కాడ ఉన్న."

ఇక్బాల్ బీ ఆమె వైపు చూసింది.

"ఆడికి గూడ వచ్చినం బిడ్డా. గుంపుల కనవడలే" అంది.

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది బీరమ్మకు. ఇక్బాల్ బీ తన కొడుకును పోగొట్టుకున్నది బీరమ్మ తమ్ముని కోసం తిరగబోయే కదా! మరి ఆమెకు కోపం ఎందుకు రాలేదు? బీరమ్మకు ఎంత ఆలోచించినా తెలియలేదు. కళ్ళ నిండా నీళ్ళు మాత్రం వచ్చాయి.

అమ్మ సైదులును బండిలో కూర్చోబెట్టింది. బీరమ్మతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. "గుర్వయ్యా, నువ్వు లెక్కపెట్టురా" అంది.

గుర్వయ్య వేలు ఎత్తాడు.

"ఉండన్నా" అంది బీరమ్మ.

ఆమె బండి చుట్టూ తిరిగింది. ఒక్కొక్కరి గదవ పట్టుకుని, మొహం తన వైపు తిప్పుకుంది. పేరు పెట్టి పిలిచింది. వాళ్ళు పలికేదాకా వదల్లేదు. చిన్న చెల్లె నవ్వింది. చిన్నాయిన కొడుకు విసుక్కున్నాడు. చివరికి సైదులు దగ్గరికి వచ్చింది.

"సైదులూ."

"ఆఁ."

"సైదులూ!"

"ఆఁ అన్న గదా!"

తర్వాత బీరమ్మ పక్క చాప దగ్గరికి నడిచింది. ఇక్బాల్ బీ పిల్లలు ఐదుగురూ అక్కడ కూర్చుని ఉన్నారు. "వీళ్ళ పేర్లేంది, అమ్మా?" అని అడిగింది. ఇక్బాల్ బీ చెబుతూ ఉంటే, వాళ్ళను కూడా ఒక్కొక్కరినే చూసి పిలిచింది. కరీం, తల్లి కొంగులోంచి తొంగి చూసి, "హాఁ" అన్నాడు.

తిరిగి వచ్చేసరికి బండి సిద్ధంగా ఉంది.

"ఎంతమంది ఉన్నరే?" అడిగింది అవ్వ.

"లెక్కపెట్టలే అవ్వా. అందరి మొకాలు చూసిన."

బీరమ్మ బండి ఎక్కి ఒక మూలకు ఒదిగి కూర్చుంది. అమ్మ ఇటు తిరగలేదు. బాపు పగ్గాలు అందుకున్నాడు.

అప్పుడు అమ్మ మెల్లగా పిలిచింది.

"బీరమ్మా."

"ఆఁ, ఉన్ననమ్మా!"

బండి కదిలింది.