జర్మన్‌లో నాకో కూతురుంది

నేను లిఫ్టులు బాగుచేసే మెకానిక్‌ని. మా కంపెనీ పెద్ద ఫ్యాక్టరీ జర్మనీలో ఉంది. అక్కడికి మనుషులు కావాలని, జర్మన్‌లో మాట్లాడే పరీక్ష పాసైతే భార్యను కూడా వెంట తీసుకెళ్ళొచ్చని మా సూపర్‌వైజర్ చెప్పాడు. జీతం సంగతి నా చెవికెక్కలేదు. ‘భార్యను కూడా’ అన్న మాటకే నాకు ప్రాణం లేచొచ్చింది.

బిడ్డ కడుపులోనే పోయినప్పటి నుంచి మా ఆవిడ పడకగది దాటి రావడం తగ్గించేసింది. నవ్వడమైతే పూర్తిగా మానేసింది. ఈ గోడలు మారితే మళ్ళీ మనిషవుతుందని నా ఆశ. నాకున్నది ఆ ఒక్క ఆశే.

అందుకే ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే ఒక పెద్దావిడను కుదుర్చుకున్నాను. అక్కడే పుట్టి పెరిగిన మనిషి, ఒంటరిది. జర్మన్ తప్ప మరో భాష రాదు. ఆవిడకి నేను పంతులమ్మ అని పేరు పెట్టుకున్నాను. డ్యూటీ నుంచి రాగానే చేతులకంటిన గ్రీజు కడుక్కుని, హాల్లో టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచి కూర్చునేవాణ్ణి. నా వీపు వెనక గోడ, గోడకవతల మా ఆవిడ. పాఠం మరీ సాగదీస్తే ఆవిడ వేలి కణుపుతో గోడ మీద కొట్టేది. టక్ టక్. అన్నం చల్లారిపోతోందని దానర్థం.

పంతులమ్మకి ఒకటే నియమం. మాట ఆగకూడదు. “నిజమే చెప్పాలని లేదు, నోరు తిరగాలి అంతే” అనేది. ఇలా భాష నేర్చుకున్న వాళ్ళెవరికైనా తెలుసు, మనం ఉన్నది చెప్పం, చెప్పడం వచ్చింది చెబుతాం. నాకు టీ అంటే ప్రాణం. కానీ పుస్తకంలో కాఫీ వాక్యం ఉంది కాబట్టి జర్మన్‌లో నేను కాఫీ తాగేవాణ్ణయ్యాను. ఆ వారంలోనే ఒక పొద్దున టీ డబ్బా మూత తీస్తే అందులో కాఫీపొడి ఉంది. మా ఆవిడ తెచ్చిందనుకున్నాను. ఆవిడ గడప దాటి ఎన్నాళ్ళైందో ఆ క్షణాన నాకు తట్టలేదు.

“మీ ఇంట్లో ఎవరెవరు ఉంటారు?” అని అడిగింది పంతులమ్మ ఒక సాయంత్రం.

భార్య ఉందంటే ఎలా ఉందని అడుగుతుంది. ఒంట్లో బాగానే ఉంది, మనసే ఎటో పోయింది అని తెలుగులోనే ఎవరికీ చెప్పలేకపోయాను, జర్మన్‌లో ఏం చెబుతాను? పుస్తకంలో ఉన్న వాక్యం అందుకున్నాను.

“భార్య లేదు. నేను, మా అమ్మాయి. దానికి ఆరేళ్ళు.”

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది బాగా అతికింది. అదే నా ఖర్మ.

అప్పటి నుంచి పాఠమంతా అమ్మాయి గురించే. నాకు పసుపు అన్న మాట వచ్చు కాబట్టి దానికి పసుపు రెయిన్‌కోటు తొడిగాను. పన్ను అన్న మాట వచ్చు కాబట్టి ముందు పన్ను ఊడగొట్టాను. చెప్పొద్దూ, ఆ కబుర్లు నాకు హాయిగా ఉండేవి. రోజుకో గంట నేను తండ్రిని.

“ఆవిడతో ఏంటండీ అంత నవ్వులు?” అని అడిగింది మా ఆవిడ, అన్నం వడ్డిస్తూ.

“వాతావరణం గురించి.”

“వానల్లో అంత నవ్వేముంది?” అంది. చాలా కాలానికి ఆవిడ నన్ను అడిగిన ప్రశ్న అది. నిజం చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేదు.

వానాకాలం ముదిరింది. హాల్లో తడిబట్ట వాసన పట్టుకుంది. కిటికీలు తెరిచినా పోలేదు. తడిసిన రబ్బరు లాంటి ఇంకో వాసన దానికి తోడైంది.

ఒకరోజు పాఠం మధ్యలో మా ఆవిడే కాఫీ గ్లాసు తెచ్చింది. నా పక్కనే, కెమెరాకి ఎదురుగా నిలబడింది. పంతులమ్మ ముఖం వెలిగిపోయింది.

“అమ్మాయి వచ్చిందే! అచ్చం నీ పోలికే,” అంది.

నేను గ్లాసు అందుకుని టేబుల్ మీద పెట్టేశాను.

“ఏమంటోంది?” అంది మా ఆవిడ.

“కాఫీ... బాగుందా అంటోంది.”

పంతులమ్మ మా ఆవిడ ముఖం వైపు చూడలేదు. మా ఆవిడ నడుము ఎత్తున, గాలిలోకి చూస్తూ చేయి ఊపింది.

ఆ మర్నాడు వాచ్‌మన్ నీళ్ళ క్యాన్లు దింపుతూ, “ఒక్కరే ఉంటారు కదా సార్, రెండెందుకు?” అన్నాడు. వేళాకోళమనుకుని నవ్వబోయాను. అతను నవ్వడం లేదు. పరుగున పైకి వెళ్ళాను. మా ఆవిడ మంచం మీదే ఉంది. చేయి పట్టుకుంటే చన్నీళ్ళలో పెట్టినట్టుంది. ఏదో అంటోంది, చెవి ఆనిస్తే గానీ వినపడలేదు.

“ఏవండీ... హాల్లో తిరుగుతున్న పాప ఎవరు?”

“ఎవరూ లేరు. నువ్వు పడుకో.”

“రాత్రంతా నా పక్కన పడుకుంది. నేను జరిగి చోటిచ్చాను,” అంది. ఆ గొంతులో సంతోషం ఉంది. అది విని నాకు భయం కన్నా ఎక్కువగా ఏడుపొచ్చింది.

దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. ఎవరితో చెప్పను? ఏమని చెప్పను? ఆ సాయంత్రం ఫోన్‌లో తెలుగులో టైపు చేసి, జర్మన్‌లోకి మార్చి, పంతులమ్మకి చదివి వినిపించాను. నేను అబద్ధం చెప్పాను. నాకు కూతురు లేదు. నాకు భార్య ఉంది. నాకు భార్య ఉంది.

పంతులమ్మ తెరకి దగ్గరగా జరిగింది.

“హాస్యానికి కూడా అలా అనకు,” అంది మెల్లగా. “పిల్ల వింటోంది.”

నా కుర్చీ వెనక... ఎవరో ఊపిరి పీల్చారు.

వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. గోడ ఉంది. పడకగది తలుపు తెరిచి ఉంది. వెళ్ళాను.

మంచం మీద దుప్పటి మడత నలగలేదు. ఒకటే దిండు. అల్మారాలో నా బట్టలే. అద్దం దగ్గర దువ్వెన లేదు, ఆవిడ మందులు లేవు, గుమ్మం దగ్గర చెప్పులు లేవు. పేరు పెట్టి పిలిచాను. పక్క ఫ్లాట్ల వాళ్ళు తలుపులు తీసేదాకా పిలిచాను. వాళ్ళు నన్ను జాలిగా చూసి తలుపులు వేసుకున్నారు.

హాల్లోకి వచ్చేసరికి కొక్కేనికి చిన్న పసుపు రెయిన్‌కోటు వేలాడుతోంది. నీళ్ళు కారుతున్నాయి. నా కుర్చీలో అమ్మాయి కూర్చుని ఉంది.

నన్ను చూసి నవ్వింది. ముందు పన్ను లేదు. కానీ ఆ నవ్వు నాకు తెలుసు. మా ఆవిడ మానేసిన నవ్వు అది.

“మీ అమ్మేది?” అన్నాను.

దానికి తెలుగు రాదు. కళ్ళు పెద్దవి చేసి చూసింది.

జర్మన్‌లో అడిగాను. అమ్మ... ఎక్కడ? ఆ రెండు ముక్కలూ నాకు వచ్చు. అది జవాబు చెప్పింది. తొందర లేకుండా, పొడుగ్గా, ముద్దుగా చెప్పింది. అందులో ఒక్క ముక్క కూడా నాకు అర్థం కాలేదు. ఫోన్ దాని నోటి దగ్గర పెట్టి మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పింది. ఫోన్‌కి ఏమీ వినపడలేదు.

లాప్‌టాప్‌లో పంతులమ్మ ఇంకా అక్కడే ఉంది. అమ్మాయి ఆవిడ వైపు తిరిగి అదే మాట చెప్పింది. పంతులమ్మ ముఖంలో రక్తం లేదు.

“ఏమంది?” అని అరిచాను. “చెప్పండి, ఏమంది?”

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

అప్పుడు వినపడింది. టక్ టక్.

గోడ మీదికి ఉరికాను. చెవి ఆనించాను. ఏమీ లేదు. టక్ టక్. చప్పుడు లాప్‌టాప్‌లోంచి వస్తోంది. తెరలో పంతులమ్మ తన వెనక గోడ వైపు మెల్లగా తిరిగింది.

“అవతల గది లేదు,” అంది గుసగుసగా. “అది చివరి గోడ...”

టక్ టక్. టక్ టక్.

అమ్మాయి చిన్న చేయి చాచి లాప్‌టాప్ మూసేసింది.

ఆ తర్వాత పంతులమ్మ పాఠానికి రాలేదు. నేను పరీక్ష పాసయ్యాను. “నువ్వూ మీ పాపా హాయిగా వెళ్ళిరండి” అన్నాడు సూపర్‌వైజర్. ‘భార్యను కూడా’ అన్న మనిషే.

రోజూ సాయంత్రం అమ్మాయి నా కుర్చీలో కూర్చుంటుంది. మూసిన లాప్‌టాప్ మీద రెండు అరచేతులూ ఆనించి, తలుపు తోసుకుని ఎవరూ రాకుండా పట్టుకున్నట్టు, బలంగా నొక్కిపట్టి ఉంచుతుంది. దాని చేతుల కింద టక్ టక్‌మంటూనే ఉంటుంది. నిన్న మా ఆవిడ ఒక్కసారే, మెల్లగా కొట్టింది.